యూనిట్‌కి తొమ్మిది డాలర్లు

టెక్సాస్‌లోని కాపెల్ ఊళ్ళో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరి కరెంటు కాంట్రాక్టు ముగిసినా ఒకప్పుడు ముందు నాకే ఫోన్ వచ్చేది. "ఆంటీ, ఏ ప్లాన్ తీసుకోమంటారు?" అని కొత్తగా ఇల్లు కొన్న కుర్రవాళ్ళు, "మీ ఎక్సెల్ షీట్ ఒకసారి పంపమ్మా" అని నాకంటే పెద్దవాళ్ళు. ఇప్పుడు ఎవరూ చెయ్యరు. వాళ్ళను తప్పుపట్టలేను. నా సలహా విన్న ఒక మనిషి చదువు కోసం ఏడాదిన్నరపాటు కూడబెట్టుకున్న ఫీజు డబ్బు నాలుగు రోజుల్లో ఆవిరైపోయింది. అందులో కొంత నన్ను వెచ్చగా ఉంచడానికే ఖర్చయింది.

నేను పెరిగింది కొట్ల మధ్య. కింద నాన్న కిరాణా కొట్టు, పైన మా కాపురం. పక్కన పెదనాన్న స్టీలు సామాన్ల కొట్టు, ఎదురుగా మేనమామ బట్టల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు ముఖాలు చదవడం వచ్చేది. ఎవరు కొంటారు, ఎవరు ఊరికే ధర అడిగి పోతారు, ఎవరు గుమ్మం దిగి మళ్ళీ ఎక్కుతారు. అమెరికా వచ్చిన కొత్తలోనే పరుపుల షాపులో గంటసేపు నిలబడి రెండు దిండ్లు ఉచితంగా తెచ్చాను. కారు డీలరు దగ్గర సరే, ఒకసారి ఆసుపత్రి బిల్లింగు ఆఫీసులో కూడా తగ్గించుకున్నాను. మా ఆయన సిగ్గుపడి కార్‌లోనే కూర్చునేవారు. పార్టీల్లో ఆ కథలు నేనే చెప్పేదాన్ని, ప్రతిసారీ తగ్గింపు ఇంకాస్త పెంచి.

టెక్సాస్‌లో మా వైపు కరెంటు కొనడం నాలాంటిదానికి పండగ బజారులో తిరగడం లాంటిది. తీగలు ఒకే కంపెనీవి, ఆ తీగల్లో వచ్చే కరెంటు అమ్మేవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది. వెబ్‌సైటు తెరిచి పిన్‌కోడు కొడితే ప్లాన్లు వరసగా దిగుతాయి. ఏడాదికి ఒకే ధర అనేవాడు ఒకడు, రాత్రిళ్ళు ఉచితం అనేవాడు ఒకడు. నెలకు వెయ్యి యూనిట్లు దాటితే బిల్లులో వంద డాలర్లు కోసేస్తానన్నవాడి దగ్గర నేను రెండేళ్ళు ఉన్నాను. తొమ్మిది వందల తొంభై తొమ్మిది వాడితే ఏమీ రాదు. అందుకని నెలాఖరున మీటరు చూసుకుని, తక్కువైతే ఖాళీ డ్రయ్యరు తిప్పేదాన్ని. బట్టల్లేని డ్రయ్యరు గిరగిరా తిరుగుతుంటే ముందు నిలబడి, కంపెనీవాణ్ణి బోల్తా కొట్టించానని సంతోషపడ్డ ఇల్లాలిని నేనే.

ఫీజు డబ్బు పోగొట్టుకున్న ఆ అమ్మాయి మాకు మూడు వీధుల అవతల ఉండేది. కరీంనగర్ పిల్ల. అక్కడ బీడీఎస్ చదివి పెళ్ళయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చి ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. పళ్ళ డాక్టరయ్యి ఉండి, పార్టీల్లో జనం నోరు తెరిచి నవ్వుతుంటే వాళ్ళ చిగుళ్ళు చూసేది. చివరికి వర్క్ పర్మిట్ వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో డెంటల్ హైజీన్ కోర్సులో చేరాలని, ఆ ఫీజు మొగుడి జీతంలోంచి కాకుండా తను మిగిల్చిన డబ్బుతోనే కట్టాలని ఆమె పట్టుదల. తన పేరు మీద తొలిసారి ఒక బ్యాంకు ఖాతా తెరిచింది. బేరమాడటం మాత్రం ఎరగదు. ఇండియన్ స్టోర్లో కొత్తిమీర కట్ట వాడిపోయినా మార్చమని అడగదు. నేను అడిగి మార్పిస్తుంటే వెనక నిలబడి ముసిముసిగా నవ్వేది.

కరెంటు ఖర్చులోనే నీ ఫీజు దాగి ఉంది అని చెప్పింది నేను. అప్పుడే ఒక కొత్త రకం ప్లాన్ మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నెలకు చిన్న సభ్యత్వ రుసుము కడితే చాలు, కరెంటు మార్కెట్లో ఏ క్షణాన ఏ టోకు ధర ఉంటే ఆ ధరకే మనకు ఇస్తారు. మధ్యలో లాభం వేసుకోరు. టోకు ధర అన్న మాట వినగానే నా రక్తం పొంగింది. నాన్న మార్కెట్ యార్డులో బస్తాలు దింపించుకునే ధరకు నాకూ సరుకు ఇస్తానంటున్నారు. ఇంకేం కావాలి. అందరూ యూనిట్‌కి పదకొండు సెంట్లు ఇస్తుంటే మాకు మూడో నాలుగో పడేది.

వాళ్ళ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని నా చేత్తోనే ఆమెను చేర్పించాను.

"అక్కా, రేటు పెరిగితే ఎట్ల?" అంది.

"పెరుగుతుందమ్మా. ఎండాకాలం మధ్యాహ్నాలు కొంచెం పెరుగుతుంది. ఆ టైములో బట్టలు వెయ్యకు."

"కొంచెమంటే ఎంత? దానికేం హద్దు ఉండదా?"

"ఎందుకుండదు, గవర్నమెంటే క్యాప్ పెట్టింది. ఇంతకు మించి అమ్మకూడదని."

"ఎంతకు మించి?"

నాకు తెలుసు. చిన్న అక్షరాలు కూడా చదివే రకాన్ని నేను. వెయ్యి యూనిట్లకు తొమ్మిది వేల డాలర్లు అని రాసి ఉంది.

"యూనిట్‌కి తొమ్మిది డాలర్లు," అన్నాను.

వాళ్ళాయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "డాలర్లా అక్కా? మూడు సెంట్ల సరుక్కి క్యాప్ తొమ్మిది డాలర్లా? మరి క్యాప్ ఎందుకది?"

"అది ఎమ్మార్పీ లాంటిదయ్యా. మా నాన్న కొట్లో సబ్బు మీద కూడా ధర అచ్చేసి ఉండేది. ఆ ధరకి ఎవడు కొన్నాడు, ఊరికి కొత్తగా వచ్చినవాడు తప్ప? పైన రాసింది బెదిరించడానికి. కొనేది ఎప్పుడూ దాని కిందే."

ముగ్గురం నవ్వాం. మూడు సెంట్లకీ తొమ్మిది డాలర్లకీ మధ్య ఎంత దూరమో, ఆ దూరం ఎవరి కోసం వదిలిపెట్టారో అతను అడిగాడు. నేను సబ్బు కథ చెప్పాను.

ఇంకో సలహా కూడా ఇచ్చాను. కరెంటు డబ్బు కొత్త ఖాతా కార్డు నుంచే కట్టు, పాత బిల్లు ఎంత వచ్చేదో అంత ప్రతి నెలా అందులో వెయ్యి, మిగిలినదంతా ఫీజుకి అని. కంపెనీ పద్ధతి ఏమిటంటే ముందే కొంత డబ్బు వాళ్ళ దగ్గర ఉంచాలి, అది తగ్గినప్పుడల్లా కార్డు నుంచి వాళ్ళంతట వాళ్ళే లాక్కుంటారు. నెలకు ముప్ఫై, నలభై, ఒక నెల అరవై మిగిలాయి. ట్యూషన్లు చెప్పిన డబ్బు, పుట్టినరోజుకు వచ్చిన డబ్బు కూడా అందులోనే వేసేది. కరెంటులో మిగిలినవాటికి మాత్రం ఆమె 'అక్క పైసలు' అని పేరు పెట్టుకుంది. "ఈ నెల అక్క పైసలు యాభై రెండు" అని మెసేజ్ పెట్టేది. ఆ మెసేజ్‌లు నేను మా ఆయనకు చదివి వినిపించేదాన్ని.

ఆ ఫిబ్రవరిలో మంచు తుపాను వస్తుందని నాలుగు రోజులుగా చెబుతున్నారు. మార్చి మొదటి వారంలో ఆమె కాలేజీలో ఫీజు కట్టాలి, సీటు వచ్చింది. శనివారం కంపెనీ నుంచి మా అందరికీ ఈమెయిల్ వచ్చింది. ధరలు విపరీతంగా పెరగబోతున్నాయి, దయచేసి వెంటనే వేరే కంపెనీకి మారిపొండి అని. అమ్మేవాడే అన్నాడు ఆ మాట.

పది నిమిషాల్లో ఆమె ఫోన్.

"అక్కా, ఏంది ఇది, వాళ్ళే పొమ్మంటున్నరు. మారుదామా? ఇంకో కంపెనీ సోమవారం నుంచి ఇస్తనంటుంది, పద్నాలుగు సెంట్లు."

నాన్న కొట్టు నా కళ్ళముందుకొచ్చింది. గిరాకీ గట్టిగా పట్టుబడితే నాన్న చేతులు దులుపుకుని, "ఈ ధరకి నాకు గిట్టదమ్మా, ఎదురు కొట్లో తీసుకో" అనేవాడు. అన్నాడంటే ఆ ధర నిజంగా కొనేవాడికి లాభమైనదని అర్థం. తెలిసినవాళ్ళు ఆ మాట విన్నాక కదిలేవారు కాదు, స్టూలు లాక్కుని కూర్చునేవారు.

"కదలకు," అన్నాను. "అమ్మేవాడు పొమ్మన్నాడంటే మనకి చవగ్గా పడుతోందని అర్థం. మూడు సెంట్ల వాళ్ళని వదిలించుకోవాలని చూస్తున్నాడు. నాలుగు రోజులు కొంచెం పెరుగుతుంది, మళ్ళీ దిగుతుంది. నేనూ ఉంటున్నాను కదా."

"అట్లనే అక్కా. నువ్వుంటే నేనూ ఉంటా."

అబద్ధం ఆడటమే చేతగాని ఒక దుకాణదారుడు నా జీవితంలో ఆ ఒక్కసారే తగిలాడు. వాణ్ణి నేను నమ్మలేదు.

రాష్ట్రమంతా కరెంటు చాలక లైన్లు కోసేస్తున్నారు, సోమవారం తెల్లవారేసరికి మా ఇంట్లోనూ పోయింది. పదింటికి హాల్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. మా అమ్మాయికి ఏడేళ్ళు, రెండు జాకెట్లు వేసుకుని దుప్పట్లో ముడుచుకుంది. ఆ కరీంనగర్ పిల్ల వాళ్ళ ఇల్లు అగ్నిమాపక కేంద్రం ఉన్న లైన్లో ఉంది, ఆ లైను కొయ్యలేదు. కోవిడ్ రోజులవి, ఎవరూ ఎవరినీ గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. ఆమె ఫోన్ చేసి, "మాస్కులూ గీస్కులూ తర్వాత అక్కా, ముందు పాపని తీసుకుని రా" అంది. మూడు వీధుల దూరం మేం ముగ్గురం కార్‌లో జారుకుంటూ వెళ్ళేసరికి పావుగంట పట్టింది.

వాళ్ళ ఇంట్లో పొయ్యి, హీటరు, వేడినీళ్ళు అన్నీ కరెంటు మీదే. వాళ్ళిద్దరే ఉంటే అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెట్టుకునే హీటరుని మేం వెళ్ళాక డెబ్భై నాలుగు చేశాడు వాళ్ళాయన. "ఆంటీ, మీ హౌస్ సో వార్మ్ ఉంది," అని మా అమ్మాయి జాకెట్లు విప్పేసి సాక్సులు కూడా పారేసింది. ఆ రోజంతా వేడి వేడిగా సర్వపిండి తిన్నాం. నేను సాయంత్రం స్నానం కూడా చేశాను, నింపాదిగా.

మర్నాడు పదకొండు గంటలప్పుడు ఆమె చపాతీ పిండి కలుపుతోంది. నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"అక్కా, నా ఫోన్ మోగుతుంది. చేతులు పిండి. ఏందో చూడవా?"

చూశాను. బ్యాంకు నుంచి మెసేజ్. కరెంటు కంపెనీ కార్డులోంచి డబ్బు తీసుకుంది. దాని పైన అలాంటిదే ఇంకోటి, ఉదయానిది. దాని పైన నిన్న సాయంత్రానివి మూడు. నా ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచాను. అందులో ధర ఉంది. తొమ్మిది డాలర్లు. మూడు సెంట్ల చోట, అదే గడిలో, అదే అక్షరాల్లో.

"ఎవరక్కా?"

"ఎవరూ కాదు. ఏదో యాడ్," అన్నాను. ఆమె ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను.

లెక్క అప్పుడే అయిపోయింది నా తలలో, అది నాకున్న జబ్బు. ఆ చలికి అలాంటి ఇంట్లో గంటకు ఐదు యూనిట్లు, ఆరు యూనిట్లు. గంటకు యాభై డాలర్లు. చెబితే హీటరు తగ్గిస్తారు. తగ్గించాలి కూడా. హాల్లో మా అమ్మాయి ఉత్త కాళ్ళతో కార్పెట్ మీద దొర్లుతోంది. మా ఇంటికి పోదామంటే అక్కడ గోడలు మంచుగడ్డల్లా ఉన్నాయి. భోజనాలయ్యాక చెబుదాం అనుకున్నాను. భోజనాలయ్యాయి. కాఫీ తాగాక అనుకున్నాను. నాతో నేనే బేరమాడుకుంటూ పోయాను, ప్రతిసారీ నాకే ఇంకో గంట దక్కింది.

ఇంకొకటి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పదకొండుంపావుకి బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని, నా బ్యాంకు యాప్‌లో నా కార్డు లాక్ చేసుకున్నాను. ఇక ఆ కంపెనీ నా దగ్గర పైసా లాగలేదు. మా ఇంట్లో అసలు కరెంటే లేదు, లాగడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. అయినా ముందు నాది భద్రం చేసుకున్నాను. ఆమెకు చెప్పింది సాయంత్రం ఐదింటికి.

చెప్పడం కూడా ఎలా చెప్పాను. "రేటు కొంచెం పెరిగినట్టుంది, ఒకసారి చూసుకోండి" అని.

వాళ్ళాయన ఫోన్ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి వెళ్ళి హీటరు అరవైకి దించాడు. "పాప ఉంది, మరీ అంత వద్దు," అని ఆమె వెళ్ళి అరవై ఐదు చేసింది. కంపెనీ మార్చుకుందామని ఆ రాత్రే ప్రయత్నించారు. కొత్తవాళ్ళను ఎవరూ తీసుకోవడం లేదు, తీసుకున్నా మారడానికి రోజులు పడుతుంది. శనివారం పద్నాలుగు సెంట్లకు ఇస్తానన్న కంపెనీ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి కాబట్టి హీటరు మొత్తం ఆపడానికీ లేదు. గురువారం మా లైనుకు కరెంటొచ్చింది. మేం వచ్చేశాం. ధర మాత్రం శుక్రవారం ఉదయం దాకా ఆ తొమ్మిది మీదే కూర్చుంది.

తర్వాత చదివితే తెలిసింది. ఊళ్ళకు ఊళ్ళు చీకట్లో ఉన్నా మార్కెట్లో ధర దానంతట అది క్యాప్ దాకా ఎక్కలేదట. కరెంటు కొరత ఇంత ఉంటే ధర తక్కువ ఉండటమేమిటని, ధరల్ని చూసే రాష్ట్ర కమిషనే దాన్ని క్యాప్ దగ్గర ఉంచమని ఆర్డర్ ఇచ్చింది. అంటే ఎమ్మార్పీకి తక్కువగా అమ్మొద్దని గవర్నమెంటే కొట్టు ముందు కూర్చుంది. నాన్న కొట్లో అరవై ఏళ్ళ వ్యాపారం చూసినవాళ్ళెవరూ అలాంటి క్యాప్ కలలో కూడా చూసి ఉండరు. కప్పు అనుకుని దాని కింద నిలబడ్డాను. అది మా నెత్తి మీదకు దిగింది.

ఆమె ఖాతాలోంచి పోయింది నాలుగు వేలకు దగ్గర్లో. అక్క పైసలు, ట్యూషన్ పైసలు, పుట్టినరోజు పైసలు అన్నీ. బ్యాంకుకు ఫోన్ చేసి, కార్డులోంచి లాగిన డబ్బు తిరిగి ఇప్పించమని డిస్ప్యూట్ వెయ్యమన్నాను. వాళ్ళాయన వద్దన్నాడు. "గ్రీన్ కార్డ్ ఫైల్ పెండింగ్‌లో ఉంది అక్కా. ఈ టైములో డిస్ప్యూట్‌లు, క్రెడిట్ స్కోర్‌లు, వద్దు." రెండిటికీ సంబంధం లేదని చెప్పాను. నా మాట వినే రోజులు వాళ్ళకు అయిపోయాయి. కొన్నాళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. బిల్లు కట్టనివాళ్ళ బాకీలు కొట్టేశారు. నాది కొట్టేశారు. కట్టేసినవాళ్ళు కోర్టులో అర్జీ పెట్టుకుని వరసలో నిలబడాలి. ఆ వరసలో ఆమె నిలబడలేదు.

అవన్నీ జరగకముందే, ఫీజు గడువుకు మూడు రోజుల ముందు వాళ్ళింటికి వెళ్ళాను. టీ పెట్టింది. నేను ముందుగా తయారు చేసుకున్న మాట చెప్పాను.

"తప్పు నాది కూడా. సగం నేనిస్తాను. రెండు వేలు."

ఆమె టీ కప్పు నా ముందు పెట్టి కూర్చుంది.

"ఆ రోజు నా ఫోన్ బోర్లా పెట్టింది మీరే గదా అక్కా," అంది. మీరు అంది. అన్నేళ్ళలో మొదటిసారి.

"అవును."

"యాడ్ అన్నరు."

"అవును."

"ఆరు గంటలు," అంది. "ఆ గంటలకు నాకేం బాధ లేదక్కా. అడిగితే పాప కోసం హీటర్ అట్లనే ఉంచేదాన్ని. మీరు అడగలే."

"సరే, మొత్తం ఇస్తాను," అన్నాను.

ఆమె నవ్వింది. కొత్తిమీర కట్ట దగ్గర నా వెనక నిలబడి నవ్వే నవ్వే. "చూసినరా, నేను పైసలడగకున్నా పెరిగింది. మీరు రెండు వేలన్నప్పుడే మీ మనసుల మొత్తం ఉంది. ఫస్ట్ తక్కువ చెప్పి చూసినరు. నాతోటి కూడా." టీ కప్పు ఇంకాస్త నా వైపు జరిపింది. "నాకు బేరం రాదక్కా. చల్లారిపోతది, తాగండి."

తాగాను. ఆ సీటు ఇంకొకరికి వెళ్ళింది. మరుసటి ఏడు వాళ్ళాయనకు మిషిగన్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అక్కడి నోవై అనే ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ కరెంటుకు కంపెనీలను ఎంచుకునే పని లేదట, అందరికీ ఒకడే. ఎక్సెల్ షీట్ అక్కర్లేదు. ఇక్కడ ఇళ్ళకు ఆ రకం ప్లాన్ అమ్మకూడదని చట్టం చేశారు, తొమ్మిది డాలర్ల క్యాప్‌ని ఐదు చేశారు. గట్టిగా అడిగితే నాలుగు తగ్గించారన్నమాట. నేను ఏడాదికోసారి అందరూ తీసుకునే ఒకే ధర ప్లాన్ తీసుకుంటాను, ఉత్తరంలో వచ్చిన మొదటి ధరకే.

నోవైకి మొత్తం డబ్బు రాసి ఒక చెక్కు పంపాను, ఒక్క డాలరు తగ్గకుండా. ఆమె దాన్ని బ్యాంకులో వెయ్యలేదు, తిప్పి పంపనూ లేదు. ఆర్నెల్లు ఆ డబ్బు ముట్టుకోకుండా ఉంచాను. ఆర్నెల్లు దాటితే పాత చెక్కు చెల్లదని బ్యాంకు అమ్మాయి చెప్పింది, ఇంకోటి రాసి పంపుతారా అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. పార్కింగ్‌లో కార్ ఎక్కుతుంటే నాకు హాయిగా అనిపించింది. అది నాకు తెలిసిన హాయే. బేరం కుదిరి, డబ్బు చేతిలోనే మిగిలిన రోజున కొట్టు మెట్లు దిగుతూ పడేది.